నాలుగు లగ్గుల గడియారం

"లగ్గు విరిగింది!"

గడ్డం పెంటప్ప ఫోన్‌లో అరిచిన ఆ అరుపుకు, ఎదురింటి గడపలో బీడీలు చుడుతున్న జయశ్రీ చేతిలో బీడీ కూడా విరిగింది. ఆమెకు వినపడింది "లగ్గం విరిగింది" అని.

తప్పు ఆమె చెవులది కాదు. సోలాపూర్‌లోని భవాని పేట్‌లో ఆ గల్లీకి కుడివైపు పన్నెండు పవర్‌లూములు, ఎడమవైపు పద్దెనిమిది. పొద్దున ఏడింటికి అందుకున్న ఖటాఖట్ కరెంటు పోతే తప్ప ఆగదు. అక్కడ ఒక మాట నోట్లోంచి బయల్దేరి చెవి చేరేలోపల సగం అరిగిపోతుంది. ఆ అరిగిన సగాన్ని విన్నవాళ్లే సొంతంగా నేసుకోవాలి. నేతగాళ్ల గల్లీ కదా, నేయడానికి ఎవరూ వెనకాడరు. జయశ్రీ పాపం ఎక్కువేమీ నేయలేదు. చివర ఒక్క సున్నా పెట్టింది. ఆ ఒక్క సున్నాతో పెంటప్ప కూతురు ఋతుజ పెండ్లి సున్నా అయి కూర్చుంది.

పెండ్లి గురువారం. ఈ అరుపు వినపడింది సోమవారం, పొద్దున పదిన్నరకు.

ఇంతకీ లగ్గు అంటే పెద్ద వస్తువేం కాదు. చేతి గడియారానికి నాలుగు మూలలా చిన్న చిన్న కొమ్ముల్లాంటివి పొడుచుకొచ్చి ఉంటాయి, తోలు పట్టాను పట్టుకోవడానికి. వాటిని వాచీ పనివాళ్లు లగ్గులంటారు. లగ్గం రెండు చేతులను కలుపుతుంది, లగ్గు ఒక్క చేతిని పట్టుకుని వేలాడుతుంది. తేడా అంతే. కాని ఆ తేడా తెలియాలంటే వాచీ పనైనా వచ్చి ఉండాలి, మగ్గాలైనా ఆగి ఉండాలి. జయశ్రీకి ఆ పని రాదు, మగ్గాలు ఆగలేదు.

పెంటప్పకు ఇంటిపేరు గడ్డం, మొహాన మాత్రం ఒక్క వెంట్రుక ఉండనీయడు. ముప్ఫై ఏండ్లు పవర్‌లూముల ముందు నిలబడి నిలబడి మోకాళ్లు వాచాక, కూర్చుని చేసే పని కావాలని పాత గడియారాల్లోకి దిగాడు. "కాళ్లు వాచినయి, అందుకే వాచీలు పట్టిన" అని తానే చెప్పి తానే నవ్వుతాడు. అవతలివాళ్లు నవ్వకపోతే మగ్గాల చప్పుడులో వినపడలేదనుకుని ఇంకోసారి చెప్తాడు. రెండోసారికి ఎవరైనా నవ్వేస్తారు, మూడోసారి వినలేక.

గుండ్రటి గడియారాలు ఎవరైనా బాగుచేస్తారు. పెంటప్ప ప్రాణమంతా చౌకోన్ గడియారాల మీద, అంటే నిలువు చదరంగా ఉండే పాతవాటి మీద. సోలాపూర్ మనిషి కప్పుకునే చద్దరు చదరం, తుడుచుకునే తువ్వాల చదరం, మరి చేతికి కట్టుకునేది మాత్రం గుండ్రంగా ఎందుకుండాలి అని అతని వాదం. ముందుగదిలో కిటికీ పక్కన బల్ల వేసుకుని, కంటికి భూతద్దం బిగించుకుని కూర్చుంటే, గడియారం ఏ కాలందో, ఎన్ని చేతులు మారిందో, ఎంతమంది తెలిసీ తెలియని మెకానిక్‌లు దాన్ని ఏడిపించారో చెప్పగలడు. అలా చూసి చూసి కుడికన్ను కింద ఒక గుండ్రటి గుంట పడింది. చౌకోన్ మనిషికి అదొక్కటే గుండ్రటి ఆభరణం.

వియ్యంకుడు లక్ష్మణ్ సేఠ్‌ది నీలం నగర్. ఇరవై నాలుగు మగ్గాల మీద తువ్వాలలు నేయిస్తాడు. నిశ్చితార్థం నాడు ఆయన ఒక మఖ్మల్ సంచీలోంచి చౌకోన్ గడియారం తీసి నలుగురికీ చూపించాడు.

"మా నాయినది. అసలు బంగారుది. ఆయన లగ్గంల ఆయన కట్టుకున్నడు, నా లగ్గంల నేను కట్టుకున్న. మా అక్షయ్ గూడ కట్టుకుంటే బాగుండు. కని నడుస్తలేదు. పుణెల చూపెట్టిన, కాదన్నరు."

పెంటప్ప అప్పుడు ఊరుకోవలసింది. నోరు ఊరుకోలేదు.

"నాకియ్యి బావా! గురువారం ముహూర్తం ఈ గడియారంలనే చూసుకుందం!"

ఇరవై మంది ముందు అన్న మాట అది. సేఠ్ మంచివాడే కాని పౌరుషం పాలు ఎక్కువ. తువ్వాల అంచు తప్పు నేశాడని సొంత బావమరిదితో రెండేండ్లు మాట్లాడలేదు. అలాంటివాడి తండ్రి గడియారం ఇప్పుడు పెంటప్ప చేతిలో ఉంది.

ఆదివారం వెనక మూత తీశాడు. లోపలి మిషన్ కడిగి, గడ్డకట్టిన పాత నూనె తీసి, సూది మొనతో నాలుగు చోట్ల కొత్త చుక్కలు పెట్టాడు. సోమవారం పొద్దున చావి ఇస్తే, అంటే కీ తిప్పితే, రెండుసార్లు టక్‌టక్‌మని ఆగింది. స్ప్రింగు మార్చాలి, సరే, అది అతని దగ్గరే ఉంది. ఈలోగా పట్టా విప్పుదామనుకున్నాడు. పట్టాను పట్టుకునే సన్నటి కడ్డీ తుప్పుపట్టి మూలలో బిగుసుకుంది. పట్టకారుతో పట్టి కొంచెం తిప్పాడు. కడ్డీ రాలేదు. లగ్గొచ్చింది.

అప్పుడు చేశాడు ఫోను, కంసాలి పాండురంగ్‌కు. ముప్ఫై ఏండ్ల మగ్గాల వల్ల పెంటప్పకు కొంచెం చెవుడు, చెవుడు ఉన్నవాడికి అవతలివాడూ చెవిటివాడే అనిపిస్తాడు. కాబట్టి ఆ ఫోను భవాని పేట్‌లో సగం మందికి చేసినట్టే.

"అరే, లగ్గు! లగ్గు విరిగింది పాండురంగ్! ఔ, లక్ష్మణ్ సేఠ్ ఇంటిదే, నీలం నగర్‌ది!"

జయశ్రీ ఒళ్లోని చాట కిందికి దించింది.

"మొత్తం నాలుగు గద. మూడు బాగనే ఉన్నయి. నాలుగోదే విరిగింది."

నాలుగా! జయశ్రీ బీడీ దారం చుట్టి ఉన్న వేళ్లనే మడిచి లెక్కపెట్టుకుంది. పెండ్లికొడుక్కు ఇంతకుముందే మూడు లగ్గాలు. ఋతుజది నాలుగోది. పైగా ఆ మూడూ బాగానే ఉన్నాయట!

"వయసా? తక్కువల తక్కువ డెబ్బయి ఉంటది. మొఖం జూసి మోసపోకు, మొఖానికి ఎవడో మల్లొకపారి రంగేసిండు."

అయ్యో, నిశ్చితార్థంలో కుర్రాడిలాగే కనపడ్డాడే! రంగా అది!

"పైకే బంగారం, లోపల అంత ఇత్తడే. నిన్న కేస్ ఓపెన్ చేసినంక తెలిసింది."

కేసు కూడా ఉంది. ఓపెన్ కూడా అయింది.

"పొద్దుగాల చావిచ్చి చూసిన. రెండుసార్లు టక్‌టక్ కొట్టుకొని ఆగి..." తర్వాతి అక్షరాలు పక్కింటి మగ్గం మింగేసింది.

చావు ఇచ్చి చూశాడట. కొట్టుకుని ఆగిపోయిందట. జయశ్రీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇంట్ల ఎవలికి చెప్పలే. లలితకు తెలిస్తే నన్ను బతకనియ్యదు. నువ్వు గూడ గప్ బస్, నోరు తెరువకు. సేఠ్‌కు తెల్వకముందే ఎట్లనన్న అతుకేద్దం. వస్తున్న, ఆగు!"

పెంటప్ప గడియారం జేబులో వేసుకుని, స్ప్రింగుల డబ్బా చంకలో పెట్టుకుని, వాచిన మోకాళ్లతో వీలైనంత పరుగెత్తాడు. జయశ్రీ వైపు చూసి నవ్వబోయాడు కాని నవ్వు రాలేదు. ఆ రాని నవ్వే జయశ్రీకి ఆఖరి సాక్ష్యం.

ఇది రహస్యమని పెంటప్ప తన నోటితోనే అన్నాడు గనుక, జయశ్రీ ఎవ్వరికీ చెప్పదలుచుకోలేదు. ఎదురింట్లో పెంటప్ప భార్య లలిత గిన్నెలు కడుగుతుంటే చూసి కూడా పెదవి విప్పలేదు. చుట్టిన బీడీలు మూట కట్టుకుని కార్ఖానాకు వెళ్లింది. అక్కడ లైన్‌లో తన ముందు నిలబడ్డ సారికకు మాత్రం చెప్పింది, ఎవ్వరికీ చెప్పవద్దని ఒట్టు వేయించుకుని. సారిక కూడా ఒట్టు వేయించుకునే చెప్పింది. ఆ రోజు కార్ఖానాలో బీడీల కంటే ఒట్లే ఎక్కువ జమ అయ్యాయి. లైన్‌లో సగం మంది నీలం నగర్ ఆడవాళ్లు.

అవతల పాండురంగ్ దుకాణంలో ఈ సంగతులేవీ తెలియని ఇద్దరు మగవాళ్లు గడియారం మీద వంగి ఉన్నారు.

"మిషన్ తీసినవా? మొఖం తీసినవా? నిప్పు తగిలితే మొఖం మాడుతది."

"నా మొఖం ఎప్పుడో మాడింది. నువ్వు అతుకు పెట్టు."

పాండురంగ్ విరిగిన ముక్కను ఆనించి, వెండి రజను పెట్టి, సన్నటి మంట ఊదాడు. ఈలోపల పెంటప్ప తన డబ్బాలోంచి పాత స్ప్రింగు ఒకటి ఏరి మిషన్‌లో కూర్చోబెట్టాడు. అతుకు గట్టిగానే పడింది. కాని మంట తగిలినచోట బంగారు పూత ఎగిరిపోయి, పచ్చటి ఇత్తడి మీద తెల్లగా ఒక గీత మిగిలింది.

"పూత రేపు పోద్దం. పూసినంక నా అయ్యకు గూడ తెల్వది" అన్నాడు పాండురంగ్.

పెంటప్ప అన్నీ బిగించి చావి ఇచ్చాడు. టక్. టక్. టక్. చెవికి ఆనించుకుని రెండు వందల దాకా లెక్కపెట్టాడు. ఆగలేదు. పుణె కాదన్నది పేట్‌లో అయింది! ఆ సంతోషంలో దారి పొడుగునా చేయి చెవి దగ్గరే పెట్టుకుని నడిచాడు. ఆటోవాళ్లు ఫోన్ మాట్లాడుతున్నాడనుకుని పక్కకు తప్పుకున్నారు.

ఇంటి ముందు చెప్పులు కనపడ్డాయి. ఒకటి రెండు జతలు కాదు, గుట్ట. లోపల లలిత గోడకు ఆనుకుని కూర్చుని ఏడుస్తోంది. చుట్టూ గల్లీ ఆడవాళ్లు. ఋతుజ ఒక మూల నిలబడి ఫోన్ నొక్కుతూనే ఉంది. అక్షయ్ ఎత్తడం లేదు. మగ్గాల మధ్య ఉన్నవాడికి ఫోన్ మోగినా తెలియదని ఆ పిల్లకు తెలుసు, కాని ఈవేళ తెలిసింది కూడా గుర్తుకు రావడం లేదు.

పెంటప్ప చెవి దగ్గరి గడియారాన్ని గబుక్కున జేబులోకి తోశాడు. తెలిసిపోయింది!

లలిత తలెత్తింది. "ఏమయ్యా, విరిగిందట గద?"

అబద్ధం ఆడి లాభం లేదు. "విరిగింది" అన్నాడు.

"ఎట్ల విరిగింది?"

"జర గట్టిగ తిప్పిన. చేతులకు ఊడొచ్చింది."

"అంటే నువ్వే విరగ్గొట్టినవా?"

"కావాలని జేస్తనా? ముందుగాలనే తుప్పు పట్టి ఉన్నది."

"తుప్పా!" అంది లలిత. ఆడవాళ్లంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "మరి గింత తాపీగ ఉన్నవేంది? పోరి జీవితం ఏంగావాలె?"

"ఏంగాదు. పాండురంగ్ దగ్గరికి పోయి అతుకు పెట్టించుకొచ్చిన."

"లగ్గం విరిగితె కంసాలి అతుకు పెడ్తడా?"

పెంటప్పకు కొంచెం చెవుడని చెప్పుకున్నాం కదా. పైగా పక్కన పద్దెనిమిది మగ్గాలు. అతనికి 'లగ్గు' అనే వినపడింది.

"కంసాలి కాక ఎవడు పెడ్తడే? గట్టిగ పెట్టిండు. జర గీత కనపడ్తది, అంతే. రేపు పైన బంగారు పూత పూస్తే ఎవనికి తెల్వది. పోరడు గూడ గుర్తుపట్టడు."

"పోరడు గుర్తుపట్టడా! తన లగ్గం తాను గుర్తుపట్టడా!"

"చేతికి కట్టుకున్నంక ఎవడు చూస్తడే? మిగిలిన మూడు మంచిగనే ఉన్నయి గద!"

లలిత ఏడుపు ఆగిపోయింది. ఏడవడానికి కూడా మనిషికి కొంత అర్థం కావాలి. ఋతుజ ఫోన్ దించి తండ్రి వైపు నడిచింది.

"బాపూ. మూడేంది?"

పెంటప్ప నోరు తెరిచేలోపలే గుమ్మంలో ఒక పెద్ద స్పానర్ ప్రత్యక్షమైంది. దాని వెనక లూమ్ మిస్త్రీ.

"ఎవల మగ్గం విరిగింది? మగ్గం విరిగిందని ఫోనొచ్చింది!"

"మగ్గం కాదు, లగ్గం!" అన్నారు ఆడవాళ్లు ఒక్క గొంతుతో.

"అయితే స్పానర్ పనిచెయ్యదు" అన్నాడు మిస్త్రీ. కాని పోలేదు. గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు, చూసి పోదామని.

అంతలో గల్లీలోకి ఆటో వచ్చి కీచుమని ఆగింది. లక్ష్మణ్ సేఠ్ దిగాడు. వెనక అక్షయ్ దిగాడు, జుట్టంతా దూది నుసితో. ఆ తెల్లటి జుట్టు చూసి జయశ్రీ పక్కావిడను పొడిచింది. "అగో చూడు, రంగు పోయింది."

"ఎవలన్నరు!" లోపలికి వచ్చిన సేఠ్ గొంతు మగ్గాలను దాటి వినపడింది. "నా కొడుక్కు మూడు లగ్గాలైనయని ఎవలన్నరు? డెబ్బయి ఏండ్లా? ఇగో, వీనికి ఇరవై ఆరు! నాకే ఇంక అరవై నిండలే! పోలీసు కేసట! మా ఇంటిది లోపల అంత ఇత్తడట! మా ఇంటి ముంగట ఆడోళ్లు గుంపుగూడి నా పెండ్లాన్ని ఓదారుస్తున్నరు! లగ్గం వద్దనుకుంటే సీద నా మొఖం మీద చెప్పు బావా. గిట్ల బద్నామ్ చేసుడేంది?"

"నాకు వద్దనిపిస్తే నేనే చెప్త" అంది ఋతుజ, మామగారి గొంతుకు సమంగా. "నాకు ఎవ్వలు ఏం చెప్పలే. బాపు ఏదో విరగ్గొట్టినంటున్నడు."

పెంటప్పకు చెవుడు ఉంది గాని బుర్రకు లేదు. మూడు. డెబ్బయి. కేసు. ఇత్తడి. పొద్దున తాను ఫోన్‌లో అన్న మాటలన్నీ ఒక్కొక్కటే చెప్పులు విప్పి ఇంట్లోకి వచ్చి కూర్చున్నట్టనిపించింది. కళ్లు జయశ్రీ మీద పడ్డాయి. జయశ్రీ కళ్లు నేల మీద పడ్డాయి.

ఇప్పుడు అతని ముందు రెండు దార్లున్నాయి. ఎవరో గిట్టనివాళ్లు ఈ పుకారు పుట్టించారని చెప్తే సేఠ్ నమ్ముతాడేమో. గడియారం జేబులోనే ఉంటుంది, రేపు పూత పడుతుంది, లగ్గు విరిగిన సంగతి ఎవరికీ తెలియదు. కాని ఋతుజ తన వైపే చూస్తోంది. మూడేంది అని అడిగిన పిల్లకు ఇంకా జవాబు రాలేదు. ఆ అనుమానం పెట్టుకుని ఆ పిల్ల గురువారం పీటల మీద ఎలా కూర్చుంటుంది? లగ్గం నిలబెట్టాలంటే లగ్గు విరిగిందని ఒప్పుకోవాలి.

"లగ్గు!" అన్నాడు పెంటప్ప.

"అదే, లగ్గం!" అన్నారందరూ.

"లగ్గం కాదు, లగ్గు! లగ్గు!"

"మగ్గమేనా?" అన్నాడు మిస్త్రీ ఆశగా.

"అరే, ఈ చప్పుడుల కాదు! బంద్ చేయించుండ్రి!"

మిస్త్రీ రెండు వైపులా పరుగెత్తి కిటికీల దగ్గర చేతులూపాడు. ఎడమవైపు పద్దెనిమిది ఆగాయి, తర్వాత కుడివైపు పన్నెండు. పట్టపగలు కరెంటు ఉండగా ఆ గల్లీ నిశ్శబ్దం కావడం ఎవరికీ గుర్తులేదు. ఎంత నిశ్శబ్దమంటే, కారణం తెలియక ఇండ్లలోంచి ముసలివాళ్లు బయటికి వచ్చారు.

పెంటప్ప జేబులోంచి గడియారం తీసి అరచేతిలో పెట్టాడు.

"దీనికి నాలుగు మూలల నాలుగు కొమ్ములున్నయి. వీటిని లగ్గులంటరు. ల-గ్గు. పట్టా విప్పుతుంటే ఒకటి విరిగింది. నేనే విరగ్గొట్టిన బావా. నీకు తెల్వకుండ అతుకేద్దమనుకున్న, పాండురంగ్‌కు ఫోన్ జేసిన. మూడు బాగనే ఉన్నయి అన్నది ఈ మూడే. డెబ్బయి ఏండ్లు దీనికే. కేసంటే ఈ పై డబ్బా. మొఖమంటే ఈ అంకెలున్న పలక, దీనికే ఎవడో మల్ల రంగేసిండు. చావిచ్చిన అన్న, చావు కాదు. నీ కొడుకు గురించి ఒక్క ముక్క అన్లే."

మాట్లాడితే వినపడుతుందని అందరికీ కొత్తగా భయం వేసింది.

"మరి ఇత్తడి?" అన్నాడు సేఠ్ మెల్లగా.

పెంటప్ప గడియారాన్ని సేఠ్ చేతిలో పెట్టాడు. "అది గూడ ఇదే బావా."

అతుకు పడిన మూలను సేఠ్ కిటికీ వెలుగుకు తిప్పాడు. పూత లేచిన చోట ఇత్తడి ఇంట్లోని చెంబులా మెరిసింది. ఆయన మొహం ఎర్రబడింది. అక్షయ్ తండ్రికి ఒక అడుగు దగ్గరగా జరిగాడు.

"బంగారం కాదని తక్కువ చేయకు బావా" అన్నాడు పెంటప్ప. "నకిలీలల్ల చౌకోన్ డబ్బా పెట్టి లోపల గుండ్రటి మిషన్ పెడ్తరు. దీంట్ల మిషన్ గూడ చౌకోనే, మూలమూలకు నిండి ఉన్నది. ఈ డబ్బా కోసమే కొలిచి జేసిన్రు. మీ నాయిన మోసపోలే. మంచిదే కొన్నడు."

సేఠ్ ఎవరూ అనుకోని మాట అన్నాడు.

"మా నాయిన దీన్ని బంగారమని ఎన్నడు అన్లే. అన్నది నేనే. నిశ్చితార్థంల అందరు చూస్తున్నరని..." గడియారాన్ని బొటనవేలితో తుడిచాడు. "ఇరవై మంది ముంగట నువ్వు బాగుచేస్తనన్నవు, నేను బంగారమన్న. ఇద్దరం ఒక్కతీరే కూసినం."

"బాపూ, అది నడుస్తున్నది" అన్నాడు అక్షయ్.

అవును, మగ్గాలు ఆగాయి కాబట్టి వినపడుతోంది. సేఠ్ దాన్ని చెవి దగ్గర పెట్టుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. తెరిచాక నేరుగా కొడుకు చేతికిచ్చాడు.

"పూత గీత ఏం వద్దు. గిట్లనే కట్టుకుంటడు."

ఋతుజ అక్షయ్ వైపు తిరిగి, "ఫోనెందుకు ఎత్తలే?" అంది. అతను జుట్టు దులుపుకున్నాడు. నుసంతా రాలి జుట్టు నల్లబడింది. జయశ్రీ ఆ జుట్టును పరీక్షగా చూసి, ఎవరూ అడగకుండానే "ఖరంచ్, నిజంగ నల్లగనే ఉన్నది" అని ఒప్పుకుంది.

"నువ్వు ఒప్పుకుంటే సాలదు వదినె" అన్నాడు పెంటప్ప. "యాడ చెప్పినవో ఆడికే పోదం."

"ఒక్కదాన్ని పోతే నన్ను నమ్ముతరా? గడియారం చూపెట్టాలె" అంది జయశ్రీ. కాబట్టి గడియారం వెళ్లింది. గడియారంతోపాటు దాన్ని కట్టుకునేవాడు, కట్టుకునేవాణ్ని చేసుకునేది, విరగ్గొట్టినవాడు, బంగారమన్నవాడు, లలిత, గల్లీ ఆడవాళ్లు, స్పానర్‌తో సహా మిస్త్రీ, అందరూ కలిసి బీడీ కార్ఖానాకు నడిచారు. దారిలో చూసినవాళ్లు పెండ్లి ముందుకు జరిగిందనుకున్నారు. వాళ్లకు కూడా ఆగి ఆగి చెప్పవలసి వచ్చింది.

కార్ఖానా ముందు ఆడవాళ్లు ఇంకా లైన్‌లోనే ఉన్నారు. పెంటప్ప మెట్లెక్కి గడియారం పైకెత్తాడు.

"అక్కలారా, చెల్లెళ్లారా! ఇది లగ్గు! విరిగింది ఇదే! గురువారం అయ్యేది లగ్గం! అది విరగలే!"

"ఏంది, ఏంది?" లైన్ వెనక నుంచి అరుపులు.

"ఇది?" అని పెంటప్ప మూల చూపించాడు.

"లగ్గు!" అన్నారు ముందువరసవాళ్లు.

"గురువారం?"

"లగ్గం!" అన్నారు అందరూ. సారిక అందరికంటే గట్టిగా అంది.

చిట్టచివర గోడకు ఆనుకుని కూర్చున్న ఒక ముసలవ్వ చెయ్యెత్తింది. "గట్లయితే ఆ డెబ్బయి ఏండ్లాయన ఎవలు బిడ్డా?"

"గడియారమే అవ్వా."

"మూడు లగ్గాలైనాయన?"

"గదీ గడియారమే."

"కేసులున్నాయన?"

"ఒక్కటే కేసు. గిదే, గడియారం డబ్బా."

అవ్వ అన్నీ విని, బీడీ ఆకు మడత పెట్టి పక్కన పెట్టింది. "గడియారం సంగతి నాకెందుకు గని, పిల్లగాడేడి?"

అందరూ కలిసి అక్షయ్‌ని ముందుకు తోశారు. లైన్ మొత్తం అతని వైపు తిరిగింది. బడిలో పేరు పిలిచినట్టు అతను చెయ్యెత్తాడు, కార్ఖానా చివరిదాకా వినపడేలా అరిచాడు:

"నేనే అవ్వా! ఇరవై ఆరు నిండినయి! ఇదే మొదటి లగ్గం!"